ఒక రాయి ముందు పోసిన మట్టి

ఇది ఇరవై ఏళ్ల కిందటే రాసి పంపవలసిన ఉత్తరం. అప్పటికి నాకు అక్షరం రాదు. ఎవరిచేతనైనా రాయించవచ్చు గానీ, రాయించాలంటే ముందు వాళ్లకి నిజం చెప్పాలి. ఆ నిజం దాచింది నేనే. పార్టీవాళ్లు మా బస్తీలో పెద్దవాళ్లకి పెట్టిన రాత్రిబడి బెంగాలీది, నాకు ఎక్కలేదు. యాభై దాటాక, మా లైను ఇళ్లకి మధ్యాహ్నాలు వచ్చే ఒక బ్యాంకు ఆఫీసరుగారి భార్య తెలుగు నేర్పింది. ఈ ఉత్తరం అందుకోవలసినావిడకి తెలుగు రాదు. నాకు ఇంగ్లీషు రాదు. అయినా రాస్తున్నాను.

భవానీపూర్ దగ్గర దొరల శ్మశానంలో నేను పాతికేళ్లు రాళ్లు కడిగాను. మా మామ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ గోతులు తవ్వేవాడు. ఆయన తర్వాత నా మొగుడు, మొగుడు పోయాక నేను. శ్మశానంలో ఒక పక్కంతా యుద్ధంలో చచ్చిపోయిన సిపాయిలు. ఒకే ఎత్తు తెల్లరాళ్లు, వరసగా, రాయికీ రాయికీ మధ్య మనిషి పడుకునేంత జాగా. ఒక్క చోట మాత్రం మూడు రాళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. వానాకాలం ఆ సందుల్లో పాచి పట్టేది. బ్రష్ దూరదు. వెదురుపుల్లకి గుడ్డ చుట్టి గీకేదాన్ని. పనిలో చేరిన కొత్తలో విసుగొచ్చి, వీటిని ఎందుకిలా అతికించారని మామనడిగాను.

“రాళ్లు మూడే గానీ కిందున్న పెట్టి ఒకటేనే అమ్మీ,” అన్నాడు.

జపాను యుద్ధం రోజుల్లో, బర్మా మీద బాంబులేసి తిరిగొస్తున్న విమానం గుళ్లు తగిలి, దిగేలోపే పొలాల్లో పడి కాలిపోయిందట. అందులో ముగ్గురు. లారీలో తెచ్చినదంతా ఒక్క పెట్టెకే సరిపోయిందట. ఎవరి ఎముక ఎవరిదో తెలియలేదు, పేర్లు మాత్రం విడివిడిగా చెక్కారు. ఆ పెట్టె దింపినవాళ్లలో మా మామ ఒకడు. ముగ్గురు మగాళ్లున్న పెట్టె అంత తేలిగ్గా ఉండడం ఆయన చచ్చేదాకా మరిచిపోలేదు.

మెట్రో కోసం భవానీపూర్ రోడ్డంతా తవ్వి పడేసిన రోజుల్లో, ఒక చలికాలం, ఆఫీసు బాబు నన్ను పిలిచి ఆ మూడింట్లో ఎడమ చివరి రాయిని బాగా కడగమన్నాడు. దాని మీద పేరున్న అబ్బాయి చెల్లెలు విలాయతు నుంచి వస్తోందట. ఆ రాయి కోసం ఎవరైనా రావడం నేను చూడ్డం అదే మొదలు.

మర్నాడు పదింటికి వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, చెప్పుల నిండా మెట్రో దుమ్ము. చేతిలో టీపొడి డబ్బా. రాయి ముందు కూర్చుంది. తర్వాత బాబుతో మాట్లాడుతుంటే అతను నాకు బెంగాలీలో చెబుతూ వచ్చాడు. అన్నకి ఇరవై ఏళ్లట. విమానంలో వెనక్కి తిరిగి కూర్చుని తుపాకీ పేల్చే పని. చిన్నప్పుడు బస్సులో వెనక్కి తిరిగి కూర్చుంటే వాడికి వాంతులట. తనని ఏ సీట్లో కూర్చోబెట్టారో వాడు ఇంటికి రాస్తే అందరూ తెగ నవ్వారట. బకెట్ తీసుకెళ్లడం మరిచిపోకు అని ఈవిడ వెక్కిరిస్తూ జవాబు రాసిందట. ఆ ఉత్తరం వాడికి అందిందో లేదో ఇప్పటికీ తెలియదంది.

డబ్బాలో వాళ్ల పెరటి మట్టి. వాడిని పూడ్చేటప్పుడు ఇంటివాళ్లెవరూ లేరు కదా. తల్లి పోయేముందు చెప్పిన పని అదొక్కటేనట. మట్టి వాడి మీదే పడాలి, పక్కన కాదు అందట.

నాకది విడమరిచి చెప్పక్కర్లేదు. మాలో మనిషిని పూడ్చేటప్పుడు ఇంటివాళ్లు తలా మూడు గుప్పిళ్ల మట్టి వెయ్యాలి. మా అమ్మ పోయినప్పుడు నేను హౌరాలో బండెక్కి ఊరు చేరేసరికి గొయ్యి పూడ్చేశారు. పైన వేసినా చేరుతుందిలే అన్నారు పెద్దలు. వేశాను. చేరిందని నాకు నమ్మకం కుదరలేదు.

మూత తీసి ఆవిడ ఆగింది. బాబుని ఏదో అడిగింది. అతను నా వైపు తిరిగాడు.

“మాసీ, పూడ్చింది మీ మామే కదా. వాళ్లన్న సరిగ్గా ఈ రాయి కిందే ఉన్నాడా అని అడుగుతోంది.”

ఆవిడ నన్నే చూస్తోంది. నేను రాయి మీద చెయ్యి వేశాను.

“ఇక్కడే,” అన్నాను. “ఈ రాయి కిందే. మా మామ తన చేతులతో దింపాడు.”

బాబు చెప్పకముందే ఆవిడకి అర్థమైపోయింది. డబ్బా మొత్తం ఆ ఒక్క రాయి మొదట్లో కుమ్మరించింది. నల్లమట్టి. రెండు అరచేతులతో అదిమింది. కొంచెం పక్క రాయి వైపు జారితే, ఒక్కొక్క బెడ్డా ఏరి మళ్లీ తనవాడి వైపు వేసుకుంది. ఆ పక్క రాయి కిందే వాడి చెయ్యో కాలో ఉందేమో. అప్పుడైనా చెప్పవలసింది.

వెళ్లేముందు అడ్రసు కాగితం నాకిచ్చింది. వానలకి మట్టి నిలిచిందో లేదో ఎవరిచేతనైనా ఒక్క ముక్క రాయించమంది. నా చేతులు రెండూ పట్టుకుంది. ఆవిడ గోళ్ల నిండా మట్టి.

సాయంత్రం మామకి అన్నం పెడుతూ చెప్పాను. అప్పటికి ఆయనకి చూపు పోయింది. ముద్ద నోట్లో పెట్టుకోకుండా చాలాసేపు కలుపుతూ కూర్చున్నాడు.

“ఒక్కడికే ఏసీసినాదా?” అన్నాడు.

“ఆలన్న కోసం తెచ్చుకుంది మావా.”

“మరా ఇద్దరికీ మట్టేసినోలెవులు? నాను. పారతోటి.” ముద్ద కంచంలో వదిలేశాడు. “పెట్టిలో ముగ్గురూ కలిసిపోయి ఉన్నారు. నువ్వేటి, ఈడిది ఈపక్క, ఆడిది ఆపక్క అని గీత గీసొచ్చినావా?”

మామ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అడ్రసు కాగితం ఇప్పటికీ బియ్యం డబ్బా అడుగున ఉంది. ఆవిడకి రాయవలసింది రెండు ముక్కలే. మీ అన్న ఆ రాయి కింద ఒక్కడే లేడు, పూర్తిగానూ లేడు. మీరు పోసిన మట్టి మీరు పోసిన చోట వానల దాకా ఉండలేదు. ఒక్క రోజే ఉంది.

మర్నాడు పొద్దున్నే, బాబు రాకముందు, వెళ్లి ఆ రాళ్ల ముందు కూర్చున్నాను. మంచుకి తడిసిన మట్టి మీద ఆవిడ అరచేతుల గుర్తులు అలాగే ఉన్నాయి. వాటిని చెరిపేసి, మట్టిని మూడు రాళ్ల పొడుగునా పరుచుకుంటూ పోయాను. చాలలేదు. మూడో రాయి దగ్గరికి వచ్చేసరికి ఒక్క గుప్పెడే మిగిలింది. అది అక్కడ వేశాను. కొట్టుకుపోతుందని ఆ రోజు ఆ మూడింటి మీదా నీళ్లు పొయ్యలేదు. మిగతావి కడిగాను.