ఫెస్టీ గెరాటీ బయల్దేరాడు

ఫెస్టీ గెరాటీకి ఒకరింటికి రావడానికి అర నిమిషం పట్టేది, వెళ్లడానికి మూడు గంటలు పట్టేది. అంతకు మించి అతనిలో వంక పెట్టడానికేమీ లేదు. తాగి రోడ్డు మీద పాడడు. తన గొర్రెల్ని పక్కవాడి పొలంలోకి తోలడు. ఆదివారం చర్చిలో నిద్రపోతాడు గానీ గురక పెట్టడు. మాయో జిల్లా అంతా వెతికినా మా కిల్‌డరిన్ ఊరి ఫెస్టీలాంటి మంచివాడు దొరకడు. కాకపోతే వచ్చినవాడు పోడు.

ఊళ్లో సగం మందికి అతను బాబాయి. మాకూ అంతే. సైకిల్ గోడకి ఆనించి, తలుపు తోసుకుని, "ఈ ఇంటికి దేవుడి దీవెన" అంటూ వచ్చి పొయ్యి పక్కన కూర్చునేవాడు. కూర్చున్న మరుక్షణం రెండు చేతులతో మోకాళ్లు చరుచుకుని, "సరే మరి, నేనిక బయల్దేరతా" అనేవాడు. అది మొదటి మజిలీ. రెండోది లేచి నిలబడడం. మూడోది టోపీ పెట్టుకోవడం. నాలుగోది పింగాణీ పళ్లేలున్న అల్మారా దగ్గర ఆగి, ముప్ఫై ఏళ్లుగా చూస్తున్న పళ్లేల్ని మళ్లీ చూడడం. అయిదోది తలుపు పక్కన గిన్నెలో ఉన్న పవిత్ర జలం వేలితో తీసుకుని సిలువ గుర్తు వేసుకోవడం. ఆరోది వాకిలి. ఏడోది గేటు దగ్గర సైకిల్ పెడల్ మీద ఒక కాలు పెట్టి, "అన్నట్టు చెప్పడం మరిచాను" అనడం. ప్రతి మజిలీలోనూ ఒక కథ. అయిదో మజిలీలోనైతే మూడు. మా ఇంట్లో ఆ గిన్నె వారానికి రెండుసార్లు ఎండిపోయేది.

ఒకసారి ఫాదర్ లోహన్‌కి డబ్లిన్ వెళ్లే పని పడింది. సాగనంపడానికి స్టేషన్‌కి ఫెస్టీ వచ్చాడు. రైలు వెళ్లిపోయింది, ఫాదర్ గారు వెళ్లలేదు. మరోసారి మిసెస్ టుయోహీ చనిపోతే చివరి చూపుకి వెళ్లాడు. ఆవిడే అతని కంటే ముందు బయల్దేరింది.

ఇక టీ సంగతి. మా వైపు ఎవరైనా టీ ఇస్తామంటే మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం ఇంకా మర్యాద. మూడోసారి కూడా వద్దంటే అది అవమానం, రెండు తరాల దాకా గుర్తుపెట్టుకుంటారు. ఫెస్టీ ఈ పద్ధతిని అక్షరం తప్పేవాడు కాదు.

"టీ తాగుతావా బాబాయ్?"

"వద్దు తల్లీ, బయల్దేరుతున్నాగా."

"ఒక్క గుక్క తాగు."

"అబ్బే, ఇప్పుడే తాగొచ్చా."

"నీళ్లు మరుగుతున్నాయి."

"సరే, ఎలాగూ మరుగుతున్నాయంటున్నావు గనక, సగం కప్పు."

ఆ సగం కప్పు చేత్తో పట్టుకుని మజిలీలన్నీ తిరిగేవాడు. మజిలీకో సగం కప్పు చొప్పున లెక్కేసుకోండి. నా తల ప్రాణం తోకకొచ్చేది.

ఇప్పుడు మా ఇంటి గురించి చెప్పాలి, సిగ్గుగా ఉన్నా సరే. మా అన్నయ్య మలాకీ, మా తమ్ముడు ఫింటన్, మధ్యలో డింప్నా అనే నేను. ముగ్గురికీ పెళ్లిళ్లు లేవు. ఒకే కప్పు, ఒకే బల్ల, తొమ్మిది ఆవులు. అన్నయ్యా తమ్ముడూ మాట్లాడుకుని పదకొండేళ్లయింది. దేనికనుకున్నారు? ఒక జూలై మధ్యాహ్నం ఎండుగడ్డి ఇంకా పొలంలోనే ఉంది. లోపలికి తెచ్చేద్దామన్నాడు ఫింటన్. వాన రాదు, ముందు భోంచేద్దామన్నాడు మలాకీ. భోంచేస్తుండగా వాన వచ్చింది. ఫింటన్ "నేను చెప్పలేదా" అన్నాడు. అంతే. దేశాలు విడిపోయినా ఇంతకన్నా పెద్ద కారణం ఉంటుంది.

అప్పటి నుంచి మా ఇంటి తపాలా నేనే. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లం, మోచేతులు మోచేతులకి తగిలేవి.

"డింప్నా, నీ తమ్ముడికి చెప్పు, ఎర్రావు ఇవాళో రేపో ఈనేలా ఉందని."

"అక్కా, మీ అన్నయ్యకి చెప్పు, అది నిన్ననే ఈనిందని."

నేను తల అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి చెప్పేదాన్ని. చెప్పకపోతే విననట్టే కూర్చునేవాళ్లు, ఇద్దరికీ చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నా సరే.

అయితే బయటి మనిషి గుమ్మంలో కాలు పెడితే మాత్రం వేరే నాటకం. నలుగురూ ఏమనుకుంటారోనని ఇద్దరూ చక్కగా మాట్లాడుకునేవాళ్లు. "అవును కదరా ఫింటన్?" "అవునన్నయ్యా." ఊరందరికీ సంగతి తెలుసు. తెలుసని వీళ్లకీ తెలుసు. అయినా ఊరు తెలియనట్టుండేది, వీళ్లు గొడవేమీ లేనట్టుండేవాళ్లు. మా వైపు మర్యాదంటే అదే.

ఆ శీతాకాలంలో నాకు పీకల మీదికొచ్చింది. పాల కేంద్రం లారీ నడిపే జార్లత్ కీవనీ ఒక ఉదయం మా గేటు దగ్గర పాల క్యాన్ ఎత్తుతూ, నా మొహం చూడకుండా క్యాన్‌తోనే చెప్పాడు.

"మా ఇంట్లో రెండు కుర్చీలున్నాయి. ఇన్నాళ్లూ ఒకదాని మీద కోటు వేస్తున్నాను. మంచి కుర్చీ, కోటుకి దండగ."

నాకు నలభై ఆరేళ్లు. ఆ క్యాన్ చేతిలోంచి జారి నా కాలి మీద పడినా నాకు తెలిసేది కాదు.

"ఈస్టర్ తర్వాత నన్ను స్లైగో వైపు దారికి మారుస్తున్నారు" అన్నాడు. "ఈస్టర్‌కి ముందు శనివారం ఇటు వచ్చేది ఆఖరిసారి. ఆలోగా చెప్పు."

ఏం చెప్పను? నాకు వెళ్లాలని ఉంది, ప్రాణం లాగేస్తోంది. కానీ నేను లేకపోతే వీళ్లిద్దరూ ఏమైపోతారో అప్పటికే ఒకసారి చూశాను. జనవరిలో పన్ను పీకించుకోవడానికి ఒక్క పూట కాసిల్‌బార్ వెళ్లాను. ఆ పూటే మా పొగగొట్టం అంటుకుంది. మలాకీ పొయ్యి ముందు కునికిపాట్లు పడుతున్నాడు. ఫింటన్ పొలంలోంచి మంట చూశాడు. పరిగెత్తుకొచ్చి అన్నయ్యకి చెప్పాడా? లేదు. అర మైలు నడిచి ఫెస్టీ ఇంటికి వెళ్లాడు.

"బాబాయ్, మా పొగగొట్టం తగలబడుతోంది. మా అన్నయ్యకి కాస్త చెబుతావా?"

"నువ్వే చెప్పొచ్చు కదరా?"

"అది కుదరదు."

ఫెస్టీ సైకిలెక్కి వచ్చాడు. తలుపు తీసి, "ఈ ఇంటికి దేవుడి దీవెన. ఒరే మలాకీ, నీ ఇల్లు తగలబడుతోంది" అన్నాడు.

"కూర్చో బాబాయ్" అన్నాడు మా అన్నయ్య. "టీ తాగుతావా?"

మూడోసారి అడిగించుకుని "సరే, సగం కప్పు" అనేసరికి మసంతా కాలిపోయి మంట దానంతటదే ఆరింది. వెనకాలే వచ్చిన ఫింటన్‌ని చూసి మలాకీ, "నిచ్చెన పట్టుకురా తమ్ముడూ, ఇటుకలేమైనా పగిలాయేమో చూద్దాం" అన్నాడు. ఫింటన్ "అలాగే అన్నయ్యా" అన్నాడు. ఫెస్టీ గేటు దాటగానే ఇద్దరి నోళ్లూ మళ్లీ మూతపడ్డాయట. ఇది నాకు తర్వాత అతనే చెప్పాడు.

అది మొదలు ఫెస్టీ రోజూ రావడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి గోడకి సైకిల్. అదేం ఖర్మో, మతిమరుపు కూడా పట్టుకుంది.

"డింప్నా తల్లీ, మా ఇంటి కోళ్లగూడు తలుపేశానో లేదో. కాస్త చూసొస్తావా? నేనెలాగూ బయల్దేరుతున్నాను."

"బయల్దేరేవాడివి నువ్వే చూసుకోవచ్చుగా బాబాయ్?"

"బయల్దేరుతున్నానే గానీ ఇంకా బయల్దేరలేదుగా."

నేను తిట్టుకుంటూ అర మైలు వెళ్లేదాన్ని. తలుపు వేసే ఉండేది. మర్నాడు కళ్లజోడు మరిచానంటాడు. నేను వెళ్లి వెతికి, లేదని వచ్చి చూస్తే అది అతని ముక్కు మీదే ఉండేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాస దీక్షకి నేను చక్కెర మానేశాను, బిస్కెట్లు మానేశాను. ఫెస్టీ గెరాటీని మానేయమంటే సంతోషంగా మానేసి ఉండేదాన్ని.

పైగా తలుపు దగ్గర కుండీలో నేను ప్రాణంలా పెంచుకుంటున్న జెరేనియం పూలమొక్క ఆ రోజుల్లోనే వాడిపోవడం మొదలైంది. పిల్లి పని అనుకుని పిల్లిని తిట్టాను. ఫింటన్ అనుకుని ఫింటన్‌నీ తిట్టాను.

ఈస్టర్‌కి ముందు బుధవారం వచ్చింది. శనివారం జార్లత్‌కి వద్దని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. అద్దం ముందు నిలబడి ఎలా చెప్పాలో రెండుసార్లు చెప్పుకుని చూశాను, రెండుసార్లూ ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే ఫెస్టీ పొయ్యి దగ్గర్నుంచి పిలిచాడు.

"తల్లీ, మా ఇంట్లో కెటిల్ పొయ్యి మీదే వదిలేశానేమో."

వాన పడుతోంది. కోటు తగిలించుకుని వెళ్లాను. కెటిల్ అల్మారాలో చల్లగా, బోర్లించి ఉంది. ఇక చాలు, ఇవాళ పెద్దరికం చూడను, నాలుగు దులిపేస్తానని గబగబా వెనక్కొచ్చాను.

ఫెస్టీ మా ఇంట్లో లేడు. మా గేటు పక్కన గోడ చాటున, వానలో, సైకిల్ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. లోపల్నుంచి కేకలు వినబడుతున్నాయి.

"నేను చెప్పానా లేదా, వానొస్తుందని?"

"నీకు ఆకాశంలోంచి ఉత్తరమొచ్చిందేంట్రా?"

"మబ్బు చూస్తే తెలియదా? నీకు గడ్డికంటే బంగాళాదుంపలే ఎక్కువైపోయాయి."

"ఆ రోజు నువ్వు మాత్రం మూడుసార్లు వడ్డించుకోలేదా?"

గేటు తోయబోతే ఫెస్టీ నా కోటు పట్టుకున్నాడు.

"ఆగు."

"కొట్టుకుంటారు బాబాయ్."

"కొట్టుకోనీ. నువ్వు లోపలికి వెళ్లావంటే మళ్లీ నీ చేత కబుర్లు మోయిస్తారు. రెండు నెలలుగా నిన్ను ఇంట్లోంచి పంపడానికి ఎన్ని అబద్ధాలు చెప్పానో తెలుసా? ఫాదర్ లోహన్ దగ్గర ఆ పాపాలన్నీ ఒప్పుకోవడానికి శనివారం పూటంతా పడుతుంది. నువ్వుంటే నీ ద్వారా మాట్లాడతారు. నేనుంటే నా ముందు మర్యాదకి మాట్లాడతారు. నిన్ను పంపి నేను కూర్చోవాలి. వాళ్ల నోటికి కాస్త అలవాటయ్యాక నేను కూడా లేచి రావాలి. ఎప్పుడు లేవాలో తెలియక ఇన్నాళ్లు కూర్చున్నాను. ఇవాళ గడ్డి మాటెత్తారు. ఇక లేవొచ్చనిపించింది."

"అయితే నీకు జార్లత్ సంగతి..."

"పాల లారీ మీ గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఆగుతుంది తల్లీ. ఉన్నవి రెండు క్యాన్లు."

వానలో నిలబడి ఇద్దరం విన్నాం. కేకలు తగ్గాయి. తర్వాత మలాకీ గొంతు, కాస్త బొంగురుగా.

"టీ తాగుతావా?"

"వద్దు."

ఫెస్టీ ఒక వేలు పైకెత్తాడు.

"ఒక్క గుక్క తాగరా."

"అబ్బే, వద్దులే."

రెండో వేలు.

"నీళ్లు మరుగుతున్నాయి."

"సరే" అన్నాడు ఫింటన్. "మరుగుతున్నాయంటున్నావు గనక. సగం కప్పు."

నేను అక్కడే గోడ మీద కూలబడి ఏడ్చాను, నవ్వాను కూడా. ఫెస్టీ చేతులు పట్టుకుని, "మా ఇంట్లో అంత టీ ఎలా తాగావు బాబాయ్" అన్నాను.

"నాకు టీ వాసనే పడదు" అన్నాడు. "మూడోసారి అడిగితే కాదనలేను గదా. నీ జెరేనియం మంచిది పాపం, ఎంత పోసినా ఒక్కసారీ వద్దనలేదు. కొత్తది కొనిస్తాలే." టోపీ సర్దుకుని, "నేను బయల్దేరతా" అన్నాడు. సైకిలెక్కాడు. వెళ్లిపోయాడు. ఒకే మజిలీ.

శనివారం జార్లత్‌కి ఏం చెప్పానో మీరు ఊహించగలరు. ఆ రోజు లారీ నలభై నిమిషాలు ఆగింది.

ఈస్టర్ తర్వాత మూడో వారంలో పెళ్లయింది. విందు మా ఇంట్లోనే, పందిమాంసం వడ్డించారు, కేకు కోశారు, ఊరంతా వచ్చింది. మేం బయల్దేరే వేళకి ఫెస్టీ సాగనంపడానికి వస్తున్నాడని చూసి జార్లత్ ముందే కారు ఇంజను ఆన్ చేసి కూర్చున్నాడు. ఫెస్టీ వచ్చి, కొత్త జెరేనియం కుండీ నా చేతిలో పెట్టి, "వెళ్లిరా తల్లీ" అన్నాడు. ఇంకొక్క మాట లేదు.

కానీ నా కాళ్లు కదల్లేదు. పళ్లేలు ఒకసారి చూశాను. పవిత్ర జలం తీసుకున్నాను, సరిపోలేదనిపించి మళ్లీ తీసుకున్నాను. వాకిట్లోకి వచ్చి, ఎర్రావుకి పెట్టే మందు ఎక్కడుందో చెప్పడానికి లోపలికి వెళ్లాను. గేటు దాకా వచ్చి, "అన్నట్టు చెప్పడం మరిచాను" అంటూ వెనక్కి తిరిగాను. జార్లత్ ఇంజను ఆపేశాడు, కాసేపటికి టోపీ మొహం మీదికి లాక్కుని నిద్రపోయాడు.

గంటన్నర గడిచింది. గోడ మీద ముగ్గురూ వరసగా కూర్చున్నారు, మధ్యలో ఫెస్టీ. మలాకీ గడియారం చూసుకున్నాడు. ముందుకి వంగి, ఫెస్టీని దాటి నేరుగా ఫింటన్‌తో అన్నాడు.

"ఒరే తమ్ముడూ, ఇది ఇవాళ పోతుందంటావా?"