ఎండను నమ్ముకున్న వ్యాపారం

నాకు నలభై ఎనిమిదేళ్లు. ఈ వయసులో మొదలుపెట్టిన వ్యాపారానికి పెట్టుబడి ఏమిటని అడిగితే ఎండ అంటాను. మా బత్తలపల్లె పక్క పల్లెల్లో అడగకుండా దొరికేది అదొక్కటే. శెనక్కాయ పంట వరసగా చేయిచ్చాక మిద్దె మీద వడియాలు పెట్టి అమ్మడం మొదలుపెట్టాను. "ఈ వయసులో నీకు యాపారమెందుకు" అన్న నోళ్లే నా వడియాలు వేయించుకుని తిన్నాయి.

ఈ ఏడు వేసవి చివర్లో ధర్మవరం అంగడాయన ఒకాయన రుచి చూసి, పెద్ద ఎత్తున సరుకు అడిగాడు. చెప్పిన రోజుకు అందిస్తే ఏడాది పొడుగునా నా దగ్గరే కొంటానన్నాడు, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. నాతో పనిచేసే ఆడవాళ్లూ నేనూ తెల్లారకముందే పిండి ఉడికించి మిద్దె నిండా వడియాలు పెట్టాము.

అదే వారం ఊళ్లో కప్పను రోకలికి కట్టి వాన కోసం ఇంటింటికీ తిప్పారు. మా గడపకొచ్చినప్పుడు బిందెడు నీళ్లు కుమ్మరించి మొక్కింది నేనే. మొక్కకపోతే ఎట్లా? విత్తనం కాయల మూటలు ఇంట్లో పెట్టుకుని మా ఆయన రోజూ ఆకాశం చూస్తున్నాడు. మిద్దె కారినా తడవకుండా, ఉన్న ఒక్క టార్పాలిన్ పట్టా ఆ మూటల మీదే కప్పాను.

వడియాలు పెట్టిన రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. పట్టా తెద్దామా అన్నాను.

"ఆ మబ్బు మనది కాదులేక్కా, యాడికో పోతాండాది" అన్నారు ఆడవాళ్లు.

నేనూ నమ్మాను. ఇన్నేళ్లుగా ప్రతి మబ్బూ అట్లాగే పోయింది మరి. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు! పట్టా తెచ్చేలోపే కుండపోతగా కురిసింది. పిండి కరిగి మిద్దె గొట్టంలోంచి తెల్లగా వాకిట్లోకి పారింది. మెట్ల మీద నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఏడుపొచ్చింది. వానొచ్చిందని ఊరంతా నవ్వుతుంటే ఏ ముఖం పెట్టుకుని ఏడవను? నా పనివాళ్లూ తడుస్తూ నవ్వుతున్నారు.

"రేపట్నుంచి రాలేమక్కా, ఇత్తనం ఏసుకోవాల" అని చెప్పి పరుగున పోయారు. వాళ్లను తప్పుపట్టలేను.

మా ఆయన తడిసి ముద్దై, పెళ్లికొడుకులా వెలిగిపోతూ వచ్చాడు. వాకిట్లో తెల్లనీళ్లు చూసి ఆగిపోయాడు.

"ఒక్క దినం తాళింటే ఏమి, ఈ పాడు..." అనబోతుంటే గబుక్కున ఆయన నోరు మూశాను.

"వద్దు. వానను తిట్టగూడదు."

ఎంత నష్టమొచ్చినా మా పక్క ఆ మాట ఎవరూ అనరు. అంటే మళ్లీ రాదంటారు.

సాయంత్రం అంగడాయనకు ఫోన్ చేశాను.

"సరుకు లేదన్నా. వాన పడింది."

"అట్లనా? మంచిదే కదమ్మా" అన్నాడు, నిజంగానే సంతోషపడుతూ. "సరే, నేను ఇంకొకరి దగ్గర తెప్పించుకుంటాలే."

"మంచిదేన్నా" అన్నాను.