రెండు సుళ్ల గుర్రం

మా జగన్నాధం మావకి మనిషి మొహం గుర్తుండదు, నెత్తిమీద సుడి గుర్తుంటుంది. శృంగవరపుకోట చుట్టుపక్కల ఎద్దుని కొనాలన్నా, పిల్లనివ్వాలన్నా ముందు ఆయనకే చూపిస్తారు. నా పెళ్లిచూపుల్లో అందరూ అమ్మాయి ఎదురుగా కూచుంటే, ఈయన వెళ్లి వెనక నిలబడ్డాడు. "ఒకటే సుడి. సేసుకోరా" అన్నాడు. చేసుకున్నాను, బాగానే ఉన్నాను.

రెండు సుళ్లుంటే రెండు పెళ్లిళ్లు ఖాయమని ఆయన ఊరూరా చెప్పాడు. తన తలగుడ్డ మాత్రం ఎవరి ముందూ విప్పడు. "నీ సుడేటి మావా?" అంటే, "వైద్దుడు తన నాడి తనే సూసుకుంటాడేటిరా?" అనేవాడు.

మొన్న మాఘమాసంలో పశువుల డాక్టరు శైలజగారు ఎల్లాజీ గుర్రానికి చిప్పు వెయ్యడానికి వచ్చారు. పెళ్లికొడుకుల్ని ఊరేగించే ఆ తెల్లగుర్రమే ఎల్లాజీ బతుకుతెరువు. బియ్యపుగింజంత చిప్పుని సూదితో మెడలోకి దించి, మిషను ఆనిస్తే నంబరు కనబడింది. మావ పెదవి విరిచాడు.

"సుడి ముందు నంబరేటమ్మా?"

"సుళ్లు కూడా రాయాలండి. ఈ కాయితంలో గుర్రం బొమ్మ మీద గుర్తుపెట్టాలి."

మావ తన తలగుడ్డ గట్టిగా సర్దుకున్నాడు. ఆవిడ గుర్రం నుదుటిమీద కట్టిన రంగుల కుచ్చు పక్కకి తీశారు. ఒకదాని కింద ఒకటి, రెండు సుళ్లు.

కూతురి పెళ్లికి గుర్రం మాట్లాడుకుందామని గజపతినగరం నుంచి వచ్చిన గణపతిరావు అది చూశాడు. "దీన్నెక్కితే మా అల్లుడు రెండో పెళ్లి సేసుకుంటాడు. మాకొద్దు బాబూ" అని బయల్దేరబోయాడు. ఈ మాట ఊరు దాటితే ఎల్లాజీ గుర్రాన్ని ఇక ఎవరూ పిలవరు. వాడు మావ వైపు చూశాడు.

మావ నెమ్మదిగా తలగుడ్డ విప్పి, గణపతిరావు ముందు తల వంచాడు. "లెక్కెట్టు బాబూ."

గణపతిరావు తెల్లజుట్టులో వేలు పెట్టి వెతికాడు. "రెండు."

"నాకు పెళ్లయి ముప్పయ్యెనిమిదేళ్లయినాది. ఒక్క దాలమ్మే. రెండోది ఇంకా రాలేదు."

గణపతిరావు నవ్వేసి, పెళ్లి తేదీ చెప్పి వెళ్లాడు. గుర్రాన్ని కొన్ననాడే ఆ కుచ్చు కట్టి, "ఇది తియ్యకురా" అన్నది మావేనని ఎల్లాజీ అప్పుడు బయటపెట్టాడు. నాకు ఆయన మీద ఇష్టం ఇంకాస్త పెరిగింది.

సంగతి మాకంటే ముందే ఇంటికి చేరింది. "ఆ గుడ్డ ఇన్నేళ్లూ ఎందుకు సుట్టేవు?" అంది దాలమ్మత్త.

"నువ్వు బెంగెట్టుకుంటావని."

"పెళ్లయిన మర్నాడే సూసేను, నువ్వు నిద్దరోతంటే."

మావ తెల్లబోయాడు. "మరి భయం వెయ్యలేదేటే?"

"భయమెందుకు? నిన్ను ఇంకెవతి సేసుకుంటాది?" అంటూ అత్త అన్నం వడ్డించింది.