మూడో పిలుపు

మా ఇంట్లో ఎవరైనా పిలిస్తే మొదటిసారే పలికే అలవాటు లేదు. అమ్మ నేర్పిన పద్ధతి అది. మునిమాపు వేళ తోటలోనో బావి దగ్గరో ఉన్నప్పుడు మనిషి కనబడకుండా పిలుపు వినిపిస్తే, మూడుసార్లు పిలిచేదాకా నోరు మెదపకూడదు. గాలికీ దయ్యానికీ రెండుసార్లకు మించి పిలిచే ఓపిక ఉండదట. మూడోసారి కూడా పిలిచిందంటే అది మనిషే. "ఒకసారి పిలిస్తే పలకబాక. రెండుసార్లు పిలిచినా పలకబాక. మూడోసారికి పలుకు" అని అన్నం కలిపి పెడుతూ మాకు నూరిపోసేది. ఒకటో తరగతిలో అయ్యవారు హాజరు పిలిస్తే నేను మూడోసారి కోసం కాచుకుని కూర్చునేదాన్ని. చెవి మెలిపెట్టించుకున్నాక గానీ బడికి ఈ లెక్క వర్తించదని తెలియలేదు.

తమ్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న. ఇంట్లో అందరూ చిన్నోడా అనే పిలిచేవాళ్ళం. ఇరవై ఏళ్ళొచ్చి మీసాలు మొలిచాక కూడా అదే పిలుపు. తొంభైల చివర్లో వాడు తిరుపతిలో గది తీసుకుని డిగ్రీ చదువుతున్నాడు. నేను ఐరాల దగ్గర మా పల్లె నుంచి రోజూ బస్సులో చిత్తూరు పోయి ఒక ఆఫీసులో టైపు కొట్టేదాన్ని. నాయనకు మామిడి తోట, కొంచెం చెరుకు.

రెండో ఏడు పరీక్షలు రాసి వాడు ఇంటికొచ్చినప్పుడు, ఏదో తేడా ఉందని నాకు మూడు రోజుల్లోనే తెలిసింది. తేడా అంటే పెద్దగా చెప్పుకునేదేమీ కాదు. అన్నం తినేటప్పుడు గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. రేడియోలో వార్తలు మొదలైతే లేచిపోయేవాడు. వాడి మంచం మీద దుప్పటి పొద్దునకు కూడా మడత నలగకుండా ఉండేది. "పరీక్ష సరిగ్గా రాసుండడు, అందుకే ముఖం చాటేస్తాండాడు" అన్నాడు నాయన. నేనూ అంతేననుకుని సరిపెట్టుకున్నాను.

ఒక ఆదివారం ఎండపూట నేను బట్టలు ఆరేస్తున్నాను. వాడు బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి చూశాడు. కాసేపటికి మళ్ళీ చూశాడు.

"అక్కా, నువ్వేమన్నా పిలిచినావా?"

"లేదే."

"చిన్నోడా అని ఎవరో పిలిచినారు."

"అమ్మ పిలిచిందేమో."

వాడు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు చెప్పాడు. నాలుగు నెలలుగా ఇదే వరస అట. క్లాసులో, బస్టాండులో, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు, వెనక నుంచి ఒక్కసారి పిలుస్తుంది. చూస్తే ఎవరూ ఉండరు.

"తిరుపతిలో నన్ను చిన్నోడా అని పిలిచేవాళ్ళు ఎవరుండారక్కా? ఆ పేరే ఎవరికీ తెల్దు గదా? ఎవరూ పిలవలేదని నాకూ తెలుసు. తెలిసినా తల తిరిగిపోతాది."

నా చేతిలో తడి లుంగీ అలాగే ఉంది. నాకు భయమేసింది. వాడి మీద కోపం కూడా వచ్చింది, ఇన్నాళ్ళు చెప్పకుండా ఉన్నందుకు.

అమ్మకు చెబితే ఆమె అడిగిన మొదటి మాట ఒకటే. "ఎన్నిసార్లు పిలుస్తాది?"

"ఒకసారే."

అమ్మ ముఖంలో అంత ఊరట ఎందుకొచ్చిందో బయటివాళ్ళకు అర్థం కాదు. "అట్లయితే గాలేలే నాయనా. పలకబాక. విసుగుపుట్టి అదే పోతాది" అని, ఎర్రనీళ్ళు తిప్పి దిష్టి తీసి మూడు దారుల కూడలిలో పారబోసి వచ్చింది. నాయన మాత్రం హోటలు కూడు తిని వేడి చేసిందన్నాడు. నాలుగు రోజులు మజ్జిగన్నం తింటే సరిపోతుందన్నాడు.

నేను ఆఫీసుకు సెలవు పెట్టి ఒక గురువారం వాడిని తిరుపతిలో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. మానసిక విభాగం ముందు బెంచీ మీద కూర్చున్నంతసేపూ తెలిసిన ముఖం ఏదైనా కనబడుతుందేమోనని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే ఉన్నాను. ధైర్యంగా తీసుకుపోయానని చెప్పుకుంటే అబద్ధమే అవుతుంది.

డాక్టరు చిన్న వయసు ఆవిడ. మాటలో అరవ యాస. పక్క గదుల్లో మనిషికి రెండు నిమిషాలు కూడా పట్టడం లేదు. ఈవిడ మాత్రం మా వాడితో గంటకు పైగా మాట్లాడింది. అమ్మ చెప్పిన మూడు పిలుపుల లెక్క కూడా చెప్పేశాడు. నాకు సిగ్గేసి నేల చూశాను. ఆవిడ నవ్వలేదు. "మీ అమ్మగారి మాట నీకు ధైర్యం ఇస్తోందా?" అని అడిగింది. ఇస్తోందన్నాడు. "అయితే మంచిదే. ఆ పిలుపులో ఎప్పుడు ఏ మార్పు వచ్చినా నాకు చెప్పాలి" అంది.

తర్వాత నన్నూ కూర్చోబెట్టి ఇద్దరికీ కలిపి చెప్పింది. "ఇది ఇంకా జబ్బు కాదమ్మా. జబ్బుగా మారొచ్చు, మారకపోనూ వచ్చు. ఇప్పుడే మందులు వద్దు. వారానికోసారి రండి, మాట్లాడుకుందాం. నిద్ర మాత్రం తప్పకూడదు." వాడిని ఒక నోటుపుస్తకం కొనుక్కోమంది. పిలుపు ఎప్పుడు వచ్చింది, ముందు రాత్రి నిద్ర పట్టిందా లేదా, అది వచ్చినప్పుడు ఏం చేశాడు అన్నవి రోజూ రాయాలి. "దాన్ని ఆపడం నీ పని కాదు. అది వచ్చినప్పుడు భయపడకుండా ఉండడం ఎట్లాగో మనం నేర్చుకుందాం" అంది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి నాయన అరుగు మీద కూర్చుని దారికేసి చూస్తున్నాడు. నేను చెప్పులు విప్పక ముందే అడిగాడు.

"ఏమనింది?"

"జబ్బు కాదనింది నాయనా."

అంతే. ఒక్క 'ఇంకా' మింగేశాను. నాయన ముఖం చూసి అనలేకపోయానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది కొంతవరకే నిజం. ఆ మాట నా నోటితో పైకి అంటే అది నిజమైపోతుందని నాకే భయం.

"కాణిపాకం సామి మీద ఒట్టా?" అన్నాడు నాయన. నవ్వుతూనే అడిగాడు. అయినా మా పక్క ఆ ఒట్టు తమాషాకి వేసేది కాదు. ఎంత గట్టి మనిషైనా ఆ దేవుడి ముందు తప్పుడు ప్రమాణం చేయడానికి జంకుతాడు.

"ఒట్టు" అన్నాను. ఆవిడ కాదనే అంది కదా, అబద్ధమెట్లా అవుతుందని లోపల ఒక లాయరు వాదించాడు.

నాలుగు గురువారాలు పోయాం. ఆ నెల రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది, ఎందుకంటే అది బాగుండింది. మూడో వారం పోయేటప్పుడు బస్సులో వాడు పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టాడు. "సూడక్కా, నిద్రలేని మర్నాడే పిలస్తా ఉండాది. నిద్రపోయిన దినం ఊరికే ఉండాది. దీనికి గూడా ఒక పద్ధతుండాది" అన్నాడు. ఏదో కనిపెట్టినవాడిలా ముఖం వెలిగిపోతోంది. కండక్టరు టికెట్టు అడిగితే మొదటిసారే పలికాడు. ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. బాగైపోతాడని నేను నమ్మేశాను.

ఐదో వారానికి కాయ కోతకొచ్చింది. ఆ ఏడు తోటంతా విరగకాసింది. కోసేందుకు మనుషులు దొరకడం లేదు.

"వాడిని రెండు వారాలు తోటలో ఉండనీ" అన్నాడు నాయన.

"గురువారం తిరుపతికి పోవాల గదా నాయనా."

"దేనికి? జబ్బు కాదని నువ్వే చెప్తివే. ఒట్టు గూడా పెడ్తివి. ఒక మాత్రన్నా ఇయ్యలేదు ఆయమ్మ. ఉత్త మాట్లాడేదానికి తిరుపతి దాకా పోవాల్నా? మాటలేగదా, ఈడ మనం మాట్లాడమా?"

అమ్మ నవ్వింది. నాయన ఇంత హుషారుగా మాట్లాడి చాలా రోజులైంది. పైగా అందులో తప్పేముంది? జబ్బు లేదు, మందు లేదు, మరి ఆసుపత్రి ఎందుకు? నేను చెప్పిన మాట ప్రకారం చూస్తే ఆయన లెక్క సరిగ్గానే ఉంది. సరిగ్గా లేనిది నేను చెప్పిన మాట. ఇప్పుడు దాన్ని దిద్దాలంటే ఒట్టు తప్పానని ఒప్పుకోవాలి. గుంజను పట్టుకుని నిలబడ్డాను. నోటి దాకా వచ్చింది. రెండు వారాలే కదా అనుకున్నాను.

తోతాపురి కాయ అయిపోయేదాకా ఆ రెండు వారాలు సాగాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర లారీలు వరస కట్టేవి. వాడు లోడుతో పాటు పోయి, ఒక్కోసారి రెండు రాత్రులు ఆ వరసలోనే ఉండి వచ్చేవాడు. నిద్ర తప్పకూడదన్న మాట నాకు రోజూ గుర్తొచ్చేది. గుర్తొచ్చి ఏం లాభం?

"ఈ వారం పోదామా?" అని నేను అడిగినప్పుడల్లా, "కాయ అయిపోనీ అక్కా. నాయన ఒక్కడే అవస్థ పడతాండాడు" అనేవాడు. ఒకసారి మాత్రం, "పుస్తకం రాస్తానే ఉండాను అని డాక్టరమ్మకు చెప్పు" అన్నాడు. నేను పోయి చెప్పొచ్చు. చిత్తూరు నుంచి ఎంత దూరమని? పోలేదు.

ఆషాఢంలో ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసుకు ఫోనొచ్చింది. నేను పోయేసరికి వాడు తోట నడిమధ్యలో నిలబడి, చెట్ల వైపు తిరిగి గట్టిగా మాట్లాడుతున్నాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. దగ్గరికి పోబోయిన నాయనను చూసి, "నువ్వు మా నాయన కాదు. మా నాయన మాదిరి వచ్చినావు" అని మట్టి పెళ్ళ ఎత్తాడు. నాయన రెండడుగులు వెనక్కి వేసి, అలాగే నేల మీద కూలబడ్డాడు. అమ్మ కొంచెం దూరంలో నిలబడి చిన్నోడా, చిన్నోడా, చిన్నోడా అని పిలుస్తోంది. మూడు దాటింది, పది దాటింది. వాడు పలకలేదు.

జీపు మాట్లాడి అదే ఆసుపత్రికి తీసుకుపోయాం. ఈసారి ఇంజెక్షను, మాత్రలు, వార్డు అన్నీ ఇచ్చారు. డాక్టరమ్మ మమ్మల్ని గుర్తుపట్టింది. ఎందుకు రావడం మానేశారని నన్ను అడిగింది.

"కాయ కోతలండీ" అన్నాను.

ఆవిడ, "వచ్చి ఉంటే ఆగేదని నేనూ చెప్పలేనమ్మా. కొందరికి ఆగుతుంది, కొందరికి ఆగదు" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట పట్టుకుని నేను ఇన్నేళ్ళూ అటు పోలేక ఇటు రాలేక ఉన్నాను.

వాడి డిగ్రీ పూర్తి కాలేదు. మాత్రలతో ఒళ్ళొచ్చింది, చేతులు వణుకుతాయి. తోటకు నీళ్ళు కడతాడు, వేళకు తింటాడు. ఎవరైనా చుట్టాలు వస్తే నాయన వాళ్ళకు చెప్పే కథ ఒకటుంది. "మొదట్లోనే తీసకపోయినామప్పా. జబ్బు కాదని ఆ డాక్టరే చెప్పి పంపించేసింది. ఆ మాట నమ్మి మేమూ మోసపోయినాము." నేను లోపల కాఫీ కలుపుతూ వింటాను. మనిషికి గంటసేపు కేటాయించి, నవ్వకుండా విన్న ఆ ఒక్క డాక్టరు మా ఇంట్లో దోషి అయి కూర్చుంది. గ్లాసులు తెచ్చి వాళ్ళ ముందు పెడతాను తప్ప, ఆ మాటను ఈరోజుకూ దిద్దలేదు.

ఏడెనిమిదేళ్ళ తర్వాత ఇంటికి సున్నం కొట్టిద్దామని అటక మీది సామాను దించితే, వాడి పుస్తకాల మూటలో ఆ నోటుపుస్తకం దొరికింది. మొదటి పేజీలు నేను చూసినవే. స్కేలు పెట్టి గీసిన గళ్ళు, గుండ్రని రాత. మేం ఆసుపత్రికి పోవడం మానేశాక వాడు రాయడం మానేసి ఉంటాడనుకున్నాను. మానలేదు. చెప్పినట్టే, రాస్తూనే ఉన్నాడు. గళ్ళు వంకర పోయాయి, నిద్ర అన్న చోట వరసగా లేదు, లేదు, లేదు అని ఉంది. ఒకచోట, "ఈపొద్దు రెండుసార్లు పిలిచింది. పలకలేదు. డాక్టరమ్మను అడగాల" అని రాసి కింద గీత గీశాడు. దాని కింద, "గురువారం. పోలేదు." తర్వాతి పేజీలో మళ్ళీ, "రెండుసార్లు. డాక్టరమ్మను అడగాల." ఆ కిందా గురువారం ఉంది.

చివరి పేజీలో గళ్ళు లేవు. మధ్యలో ఒక్కటే వాక్యం ఉంది.

"మూడుసార్లు పిలిచింది. అమ్మ చెప్పినట్టే పలికినాను."