ఆపరేషన్ గది ముందు నా నోరు చేసిన ప్రార్థన

ఆళ్లగడ్డలో మా చర్చి సంఘానికి నేనొక పెద్దను. ఎవరింట్లో ఏం జరిగినా ప్రార్థనకు నన్నే లేపుతారు. గొంతు పెద్దది, మాటకు తడుముకోను. గృహప్రవేశం, పుట్టినరోజు, మనిషి పోయిన ఇంట్లో ఆదరణ కూడిక, దేనికి తగ్గ మాటలు దానికి నోట్లో సిద్ధంగా ఉండేవి. కళ్లు మూసుకుని మొదలుపెడితే నోరు తన దారిన తాను పోయేది. నేను ఆ కాసేపూ చేనికి నీళ్లు పారుతున్నాయో లేదో తలుచుకుంటూ ఉండేవాణ్ణి. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే దేవుడికీ అది సరిపోయిందనుకునేవాణ్ణి.

ఈ ఎండాకాలం నా భార్యకు గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందనీ, ఆపరేషన్ కష్టమేననీ డాక్టరమ్మ ముందే చెప్పింది.

పొద్దున ఆమెను స్ట్రెచర్ మీద థియేటర్ తలుపు దాకా తెచ్చి ఆపారు. ప్రార్థన చేసుకుంటామని అడిగితే నర్సు సరేనంది.

"బిరీన కానీ బావా," అన్నాడు నా బామ్మర్ది. తర్వాత నర్సు వైపు తిరిగి, "మా బావ ప్రార్థన పట్టుకున్యాడంటే మీ మేడం టిఫిన్ తిని రావచ్చు సిస్టర్," అన్నాడు. నా భార్య కూడా నవ్వింది.

ఆమె తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాను. అడిగిన రక్తంలో ఒక బాటిల్ ఇంకా రాలేదు. నా మనసంతా దాని చుట్టూ తిరుగుతోంది. నోరు మాత్రం ఆగలేదు. "నీ దాసురాలు మా మధ్య గడిపిన దినాల కోసం నీకు స్తోత్రం తండ్రీ. కన్నీళ్లు లేని నీ సన్నిధికి ఆమెను చేర్చుకున్నావు. దుఃఖంలో ఉన్న ఈ కుటుంబాన్ని ఆదరించు..."

బామ్మర్ది నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని గుంజాడు. కళ్లు తెరిచాను. ఆమె నన్నే చూస్తోంది.

"ఏందయ్యా, బతికుండంగానే ఆదరణ కూడిక పెడతాండావా?" అంది. నవ్వబోయి ఆపేసింది. అంతలో స్ట్రెచర్ కదిలింది. తలుపులు మూసుకున్నాయి.

అక్కడే బల్ల మీద కూలబడ్డాను. ఇంకా ఆమేన్ అనలేదు కదా, ఆ ప్రార్థన పైకి చేరి ఉండదులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంత వయసొచ్చి, ఇన్నేళ్లు బోధ విని, ఆ గడ్డిపోచను పట్టుకున్నాను. దేవుడు నా నోటి మాట వినేశాడేమోనన్న భయం కాసేపు. దానికంటే పెద్ద భయం తర్వాత వచ్చింది. ఇన్నేళ్లలో ఆయన వినడానికి నేనసలు ఏమన్నా చెప్పానా?

మళ్లీ ప్రార్థించబోయాను. "పరిశుద్ధుడవైన తండ్రీ" అనగానే తర్వాతి మాట తనంతట తానే వచ్చి నిలబడింది. ఆపేశాను. ఇంకోలా మొదలుపెట్టాను. అదీ ఎవరింట్లోనో చేసిందే. నాదంటూ ఒక్క మాట దొరకలేదు.

"ఏం బావా, నోరు పడిపోయిందా?" అన్నాడు బామ్మర్ది.

"ఊరుకో అప్పా."

"మా యక్కకు ఏమన్నా అయ్యిందంటే మాత్రం..." అని ఆపి, అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. "రక్తం ఎక్కువ పోతాంది, ఆ బాటిల్ యాడుందన్నా?" అంది నర్సు. బామ్మర్ది మెట్ల మీదుగా పరుగెత్తాడు. నేను నేలమీదికి జారి మోకాళ్ల మీద పడ్డాను. "దాన్ని తీసుకోవద్దు," అన్నాను. ముందు స్తోత్రం లేదు, వెనక వచనం లేదు. "నీతో మాట్లాడినట్టు నటించినాను. నన్నేమన్నా చెయ్యి, దాన్ని తీసుకోవద్దు." ఎవరు చూస్తున్నారో నాకు తెలియదు. చేను గుర్తుకు రాలేదు.

ఆమె బతికి బయటకు వచ్చింది. గడ్డను పరీక్షకు పంపారు. మర్నాడు వార్డులో, ప్రార్థన చెయ్యమని అడిగింది.

"నాకు భయమైతాంది మే. మళ్లా ఏం వాగుతానో."

"నాకూ భయంగానే ఉండాది. గడ్డ ఏమని తేలుతాదో. అదే చెప్పు ఆయనకు, ఇంకేం చెప్పొద్దు."

అదే చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. ఆమె ఇంట్లో పడుకుని ఉంది. నిన్న ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు నన్ను లేపారు. "తండ్రీ, నా భార్య గురించి భయంగా ఉంది," అన్నాను. ఆపైన మాట రాలేదు. వెనక ఎవరో దగ్గారు. పాత మాటలు నాలుక చివరికి వచ్చాయి, ఒక్కటి అందుకుంటే చాలు, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. పళ్లు బిగించుకుని, చెమటలు కారుతుండగా, అట్లాగే నిలబడ్డాను.