విని కూడా వదిలి వచ్చిన ఇల్లు

కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లల్ని ఇంటింటికీ వెళ్లి వెతకడం, వాళ్లను చూసుకునే పద్ధతులు తల్లులకు నేర్పడం పాతబస్తీలో నా పని. ఛత్రినాకలో ఒక పాల వ్యాపారి ఇంటికి వెళ్లినప్పుడు పెద్ద తప్పు చేశాను.

ఆ ఇంటి పెద్దావిడ బర్రెలకు కుడితి పెడుతూ, "మా ఇంట్ల గసువంటి పిల్లలు లేరమ్మా" అంది. అప్పుడే లోపలి గదిలోంచి, ఎవరో అణిచిపెట్టినట్టు సన్నటి మూలుగు వినబడింది. దూడేమో అనుకున్నాను. నిజానికి అలా అనుకుంటే నాకు సులువు. ఎండ మండుతోంది, ఇంకా నాలుగు గల్లీలు తిరగాలి. పుస్తకంలో 'ఎవరూ లేరు' అని రాసుకుని వచ్చేశాను.

ఏడాది తర్వాత ఆ ఇంటి కోడలు తొమ్మిదేళ్ల కూతుర్ని ఎత్తుకుని మా కేంద్రానికి వచ్చింది. పిల్ల మోకాళ్లు ముడుచుకుని బిగిసిపోయాయి. పడుకోబెట్టే తినిపించేవాళ్లట. పొలమారి పొలమారి నెమ్ము చేరి ఆసుపత్రి పాలయ్యాక, అత్తగారి మాట కాదని బయలుదేరింది. నా గొంతు విని నన్ను గుర్తుపట్టింది.

"పోయినేడు మీరొచ్చినప్పుడు నేను లోపట్నే ఉన్న మేడం. బిడ్డ నోరు మూసి పట్టుకున్న," అంది.

పిల్ల మోకాలు ఎంతవరకు సాగుతుందో మెల్లగా చూశాను.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. వడ్రంగితో నడుముకు పట్టీ ఉన్న కుర్చీ చేయించాం. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలుగా పెట్టడం నేర్పాను. ఆరునెలలకు పొలమారడం తగ్గింది, మెడ నిలిచింది. పాల కోసం వచ్చేవాళ్లను చూసి పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. మోకాళ్లు మాత్రం కొద్దిగానే సాగాయి.

ఒకరోజు పెద్దావిడే మనవరాలికి పెరుగన్నం తినిపిస్తూ అడిగింది.

"గప్పుడే నిన్ను లోపటికి రానిస్తే, ఇది నడుస్తుండెనా?"

నడవకపోయి ఉండొచ్చు, కానీ మోకాళ్లు ఇంతగా బిగిసేవి కావన్నాను. ఆ రోజు మూలుగు నాకు వినబడిందని కూడా చెప్పేశాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఇనుకుంటనే పోయినవా?"

ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తున్నాను. ఆమె చాయ్ ఇస్తుంది, పిల్ల సంగతులు చెబుతుంది. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.