పొలమారితే తలుచుకున్నది ఎవరు

మా బంధువుల్లో ముసలివాళ్ళు నన్ను చూడగానే, నేను అడగకముందే పళ్ళికిలించి రెండు చేతులూ పైకెత్తుతారు. వేళాకోళమని తెలుసు, అయినా నాకు కోపం రాదు. మూతి ఒక పక్కకు వంకరపోయిందా, ఎత్తిన చెయ్యి కిందికి జారుతోందా, మాట ముద్దగా వస్తోందా అని చూడడం నాకు అలవాటైపోయింది. వాటిలో ఏ ఒక్కటి కనబడినా పక్షవాతమేమోనని వెంటనే ఆస్పత్రికి బయల్దేరాలి. గుండెలో నొప్పి అన్నవాళ్ళ చేతిలోంచి గోలీసోడా లాక్కున్న ఘనత కూడా నాదే. "గ్యాసమ్మా ఇది" అంటారు. "గ్యాసో కాదో ఆస్పత్రిలో చెప్తారు, లే" అంటాను. మా ఇంటాయన నాకు అరకొర డాక్టరమ్మ అని పేరు పెట్టాడు.

ఈ పిచ్చి నాకు వేలూరులో అంటుకుంది. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ చేయించి అక్కడ ఆస్పత్రిలో తోడున్న రోజుల్లో, మధ్యాహ్నం పూట రోగుల తాలూకు వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి ఒక నర్సమ్మ ప్రథమ చికిత్స నేర్పేది. నిజం చెప్పాలంటే నేను అక్కడి ఫ్యాను కోసం వెళ్ళాను. గొంతుకు తిండి అడ్డం పడితే ఏం చెయ్యాలో చూపిస్తూ ఆమె తమిళంలో చెప్పిన మాట నా మనసులో తెలుగులో నిలిచిపోయింది: దగ్గేవాణ్ణి దగ్గనివ్వు, దగ్గలేనివాడి దగ్గరికి పరుగెత్తు. తర్వాత నన్ను లేపి రబ్బరు బొమ్మ వెనక నిలబెట్టింది. నేను సిగ్గుపడుతూ బొమ్మను మెల్లిగా పట్టుకుంటే, ఊళ్ళో ఏం పని చేస్తావని అడిగింది. మోర్ధానా డ్యాము నీళ్ళు పారే చేలో చెరకు అన్నాను. "అయితే మోపు బిగించినట్టు బిగించి, లోపలికీ పైకీ లాగు" అంది. ఇంటికొచ్చాక దిండు మీద సాధన చేస్తుంటే, మంచం మీది నుంచి మా అత్తగారు "ఆ దిండు నీకేం పాపం చేసిందే?" అని నవ్వేది.

మా అమ్మాయికి గుడియాత్తంలో సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్ళ నాయనకు లుంగీల వ్యాపారం. పెద్ద బొజ్జ, పెద్ద మీసం, అంతకంటే పెద్ద నవ్వు. వరసకు నాకు అన్న అవుతాడు. కానీ మా వాళ్ళలో పెళ్ళికూతురి తల్లి సంబంధితో, అంటే వియ్యంకుడితో, ముఖాముఖి మాట్లాడదు. మాటలన్నీ మా ఇంటాయన నోటిగుండా నడవాల్సిందే. ముగ్గురం ఒకే గదిలో ఉండి, "కాఫీ తాగుతాడేమో అడుగు" అని నేనంటే, సంబంధి నా మాట చక్కగా విని, మా ఆయన వైపు తిరిగి, "తాగుతానని చెప్పు బావా" అనేవాడు. మధ్యలో మా ఆయన మెడ అటూ ఇటూ తిప్పలేక చచ్చేవాడు. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆచారం ఆచారమే కదా అని ఊరుకునేదాన్ని.

నిశ్చయ తాంబూలం గుడియాత్తంలోనే ఒక మండపంలో పెట్టుకున్నాం. తాంబూలం తట్టలు మార్చుకునే ముందు సంబంధులిద్దరూ ఒకరి నోట్లో ఒకరు తీపి పెట్టాలి. ముద్ద ఎంత పెద్దదైతే సంబంధం అంత గట్టిదని మావాళ్ళ నమ్మకం. చిన్న ముక్క పెడితే పిసినారి అంటారు, వద్దని తల తిప్పితే అలిగాడంటారు. మా ఆయన పళ్ళెంలోంచి బాదుషా తీసి సగానికి విరవబోతే, "మొత్తం పెట్టప్పా, మొత్తం" అని నాలుగు వైపులా కేకలు. పెట్టేశాడు. సంబంధి బుగ్గలు రెండూ ఉబ్బాయి. "రేపట్నుంచి కోడలు మాట్లాడనీదు, ఇప్పుడే నోరు మూసినావా బావా?" అని ఎవరో సంబంధిని అన్నారు. ఆయన నోరు నిండా బాదుషాతో పకపకా నవ్వబోయాడు. నవ్వు సగంలో తెగిపోయింది.

"పొలమారిందప్పా" అని వాళ్ళ పెద్దమ్మ ముందుకొచ్చి నెత్తి మీద టపటపా తట్టింది. "ఎవురో తలుచుకుంటా ఉండారు."

"బెంగుళూరులో వాళ్ళక్క. పాపం, రాలేకపోయింది గదా."

"ఆమె కాదు. అంగిడి తాళాలు యాడ పెట్టినాడో తెలీక గుమస్తా తలుచుకుంటా ఉంటాడు."

మండపమంతా ఈ తగువు తీర్చే పనిలో సంతోషంగా మునిగిపోయింది. ఒకాయన నీళ్ళ గ్లాసు తెస్తున్నాడు. నేను ఆడవాళ్ళ వరసలో నిలబడి సంబంధి ముఖమే చూస్తున్నాను. పొలమారిన మనిషి దగ్గుతాడు. ఈయన దగ్గడం లేదు. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. చెయ్యి గొంతు మీదికి పోయింది, కళ్ళు పెద్దవవుతున్నాయి, పెదవుల రంగు మారుతోంది. నాకు చచ్చేంత భయం వేసింది. ముట్టుకోకపోతే ఈయన పోతాడు. ముట్టుకుంటే నా బిడ్డ సంబంధం పోతుందేమో.

ఎలా వెళ్ళానో తెలియదు, ఆయన ఎదురుగా ఉన్నాను. "అన్నా, గొంతులో అడ్డం పడిందా?" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. తల ఊపాడు. నీళ్ళ గ్లాసును పక్కకు తోసేశాను. మా ఆయనతో ఆంబులెన్సుకు ఫోన్ చెయ్యమని చెప్పి, సంబంధిని ముందుకు వంచి, ఒక చెయ్యి రొమ్ముకు ఆనించి, ఇంకో అరచేతి అడుగుభాగంతో వీపు మీద రెండు రెక్కల మధ్య గట్టిగా చరిచాను.

"ఏమ్మే, సంబంధిని కొడతా ఉండావే" అంది పెద్దమ్మ.

ఐదు దెబ్బలు వేసినా ఏమీ రాలేదు. ఇక మిగిలింది రబ్బరు బొమ్మకు చేసిన పనే. కొంగు నడుముకు దోపుకుని ఆయన వెనక్కి వెళ్ళి, అందరూ చూస్తుండగా రెండు చేతులూ చుట్టేశాను. ఆ బొజ్జ చుట్టూ చేతులు కలుస్తాయా అనుకున్నాను. కలిశాయి. బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, చెరకు మోపు బిగించినట్టు బిగించి, లోపలికీ పైకీ లాగాను. మళ్ళీ లాగాను. నాదస్వరం ఆగిపోయింది. ఇంకోసారి లాగేసరికి బాదుషా ముక్క ఎగిరి, వీడియో తీస్తున్నతని చొక్కా మీద పడింది. ఆయన బుస్సుమని ఊపిరి లాగి దగ్గాడు. ఆ దగ్గు వినడానికి ఎంత హాయిగా ఉందో! నేను అక్కడే కింద చతికిలబడ్డాను.

అప్పుడు పెద్దమ్మ నోరు తెరిచింది. "తట్టలు మార్చుకునే వేళ ఇదేం శకునమో, ఏమో." పీట మీద మా అమ్మాయి తల వంచుకుని చీర అంచు నలుపుతోంది. దాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

సంబంధి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. మా ఆయన వైపు తిరగలేదు. నా వైపే తిరిగి, బొంగురు గొంతుతో అడిగాడు. "ఇంత బలం యాడిది చెల్లీ నీకు?"

"చెరకు మోపులు కడతానన్నా."

మండపమంతా గొల్లున నవ్వింది. ఆయన పెద్దమ్మతో అన్నాడు. "శకునం బ్రహ్మాండంగా ఉండాది పెద్దమ్మా. నన్ను బతికించే మనిషి ఉండే ఇంటి నుంచి కోడలు వస్తా ఉండాది. తట్టలు తెండి."

తట్టలు మార్చుకున్నారు. బయట ఆంబులెన్సు వచ్చి నిలబడింది. అంత గట్టిగా పొట్ట లాగాక లోపల ఏమైనా దెబ్బ తగిలిందేమో డాక్టరు చూడాల్సిందే అని నేను పట్టుబట్టాను. ఆకు వేసి వడ్డిస్తున్నారు, తినేసి పోతానని ఆయన మొరాయించాడు. నేను మాత్రం వినలేదు. చూసిన డాక్టరు భయమేమీ లేదన్నాడట. వీడియో మాత్రం గుడియాత్తం నుంచి మా చేను దాకా అందరి ఫోన్లలో తిరిగింది. నన్ను అరకొర డాక్టరమ్మ అన్న మా ఇంటాయనే దాన్ని అందరికీ పంపాడు.

పెళ్ళిలో సంబంధి వంటమనిషికి చెప్పి బాదుషాలు గోలీకాయలంత చేయించాడు. పంక్తిలో ఎవరో ముసలమ్మ ఖళ్ళుఖళ్ళున దగ్గితే నలుగురూ నెత్తి తట్టడానికి లేచారు. "దగ్గుతా ఉండాది గదా, దగ్గనీండి" అని ఆయన దూరం నుంచి అరిచి నా వైపు చూశాడు. నేను సరేనన్నట్టు తల ఊపాను.

ఇప్పుడు మా మధ్య మా ఆయన మెడ తిప్పే పని లేదు. సంబంధి నేరుగా నాకే ఫోన్ చేస్తాడు, ఎక్కువగా అన్నాల వేళ.

"చెల్లీ, ఇప్పుడే పొలమారింది. నువ్వేమైనా తలుచుకున్నావా?"

"దగ్గినావా అన్నా?"

"గట్టిగా దగ్గినా."

"అయితే నేనే తలుచుకున్నా" అంటాను.